మిరపకాయల పెట్టెలో పాట

అనగనగా, గాలికి కూడా వేళాపాళా ఉన్న రోజుల్లో, గాలికోట అని ఒక పట్టణం ఉండేది. కొండ మీద కోట, కొండ కింద ఊరు. పగలంతా గాలి ఊరి వైపు నుంచి కొండెక్కేది. పొద్దు వాలేసరికి మనసు మార్చుకుని, కోట మీది నుంచి మెల్లగా ఊళ్లోకి దిగేది.

దిగేటప్పుడు ఆ గాలి వట్టి చేతులతో వచ్చేది కాదు. కోట బురుజులో మరువమ్మ అనే గాయని ఉండేది. సందె వేళ బురుజు మీద నిలబడి ఆమె ఒక పాట పాడేది. ఎప్పటి రాజో పెట్టిన ఆచారం అది. పాట వినపడగానే ఊళ్లో వాళ్లు పని ఆపి, కాళ్లు కడుక్కుని, దీపం పెట్టుకునేవారు. మరువమ్మకు ముందు ఆమె తల్లి పాడింది. తల్లి తర్వాత మరువమ్మ పాడుతోంది. జుట్టు నెరిసింది గాని ఆమె గొంతు మాత్రం నెరవలేదు.

అయితే బురుజు ఎత్తు, ఊరు దూరం. కింది వీధులకు వచ్చేసరికి పాట నూలుపోగంత సన్నబడేది. అందుకని వెనకటి వాళ్లు ఒక ఉపాయం చేశారు. పనస కర్రతో జత పెట్టెలు చేయించి, కిటికీకి అటొకటి ఇటొకటి పెట్టేవారు. గాలిలో వచ్చిన పాటను ఆ పెట్టెలు పట్టుకుని, లోపల పెద్దది చేసి, గది నిండా పోసేవి. వాటిని పాటపెట్టెలు అనేవారు.

పెట్టె తనంతట తాను పాడదు. వచ్చిన పాటనే వినిపిస్తుంది. పిల్లలూ, ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. గాలికోట వాళ్లు మరిచిపోయారు, అందుకే ఈ కథ పుట్టింది.

ఆ ఊళ్లో సారంగపాణి శెట్టి అనే బట్టల వ్యాపారి ఉండేవాడు. మంచివాడు. ఎదుటివాడి మాటకు తొందరగా మెత్తబడతాడు, అంతే. ఆయన తల్లి పోయిన ఏడు శెట్టికి నిద్ర కరువైంది. ఏ వైద్యుడి కషాయమూ పని చేయలేదు. చివరికి భార్య కన్యకమ్మ పోరగా పోరగా, విరూపాచారి దగ్గర ఒక జత పనసపెట్టెలు కొన్నాడు. విరూపాచారి అంటే పాటపెట్టెలు చేయడంలో ఆ ఊరికి పేరున్న వడ్రంగి.

"శెట్టిగారూ, కొత్త పెట్టె వెంటనే పలకదు. కర్రకు పాట అలవాటు కావాలి. ఒక వానాకాలం, ఒక చలికాలం ఓపిక పట్టండి. అప్పుడు గొంతు విప్పుతుంది," అన్నాడు విరూపాచారి.

శెట్టి ఓపిక పట్టాడు. వానలు పోయాయి, చలి పోయింది. ఒక సందె వేళ పెట్టెలు ఉన్నట్టుండి గొంతు విప్పాయి. మరువమ్మ ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టే ఉంది.

"దిగిరా దిగిరా సందె వెలుగా,
దీపం నీకై నిలిచినది.
అలసిన కాళ్లకు నీళ్లిచ్చి
అమ్మ వాకిట పిలిచినది."

శెట్టి కళ్ల వెంట నీళ్లు కారాయి. తల్లి పోయినప్పుడు కూడా రాని ఏడుపు ఆ పాటకు వచ్చింది. ఆ రోజు అన్నం తిని పడుకున్నవాడు, సూర్యుడు నెత్తికెక్కేదాకా లేవలేదు.

అది మొదలు శెట్టికి ఒక అలవాటైంది. పొద్దున్నే కొట్టు తెరిచి, బట్టల తానులు సర్దుకుంటూ, క్రితం సాయంత్రం విన్న పాటను కూనిరాగం తీసేవాడు. పాపం, పాట మీద ప్రేమ ఉన్నంతగా గొంతులో పాట లేదు. మూడో చరణంలో రాగం మెట్టు దిగాలి. శెట్టి సరిగ్గా అక్కడే ఎక్కేవాడు. రోజూ ఎక్కేవాడు.

"అయ్యో రామా, ఇవాళ కూడా అటకెక్కారు," అని కన్యకమ్మ లోపలి నుంచి నవ్వేది.

పూలకోసం కొండ దిగివచ్చే మరువమ్మ ఆ వేళకే కొట్టు ముందు నుంచి వెళ్లేది. శెట్టిని చూసి చిన్నగా నవ్వేది. ఎరిగిన మనిషి కనుక పలకరింపుగా నవ్విందనుకుని శెట్టి కూడా నవ్వేవాడు. ఇలా కొన్నేళ్లు హాయిగా గడిచాయి.

ఒక ఏడు వసంతంలో వీధిలో టముకు మోగింది.

"విన్నవారు వినండి, విననివారు విన్నవారిని అడగండి! విరూపాచారి గారు కొత్త పెట్టె చేశారహో! అంచులకు ఇత్తడి, మూతికి వెండి! దాని పేరు గంధర్వం!"

ఆ సాయంత్రం శెట్టి తన పనసపెట్టెల ముందు కూర్చున్నాడు. మరువమ్మ ఎప్పటిలాగే పాడింది. పాట ఎప్పటిలాగే వచ్చింది. కాని శెట్టికి ఏదో వెలితిగా తోచింది.

"కన్యకా, ఇవాళ పెట్టె కాస్త మందంగా పలకటం లేదూ?"

"నాకలా ఏమీ తోచలేదండీ. నిన్నటిలాగే ఉంది."

"లేదు లేదు. ఇత్తడి అంచు లేకపోతే పాటకు పదును రాదట."

నిన్న తేనెలా ఉన్న పెట్టె ఇవాళ చప్పబడింది. కర్రలో ఒక పొర మారలేదు, ఒక చీల ఊడలేదు. మారింది శెట్టి చెవి. నిజం చెప్పాలంటే చెవి కూడా కాదు, చెవి వెనకాల ఉన్నది. కొత్తొక వింత, పాతొక రోత అని ఊరికే అన్నారా?

గంధర్వం ఇంటికి వచ్చింది. పనసపెట్టెలను వీధిలో పారేయబోతుంటే కన్యకమ్మ అడ్డం వచ్చింది. "గట్టి కర్ర, పురుగు పట్టదు," అని వంటింటి కిటికీ దగ్గర పెట్టుకుని, ఒకదాన్లో ఎండు మిరపకాయలు, ఇంకోదాన్లో చింతపండు పోసుకుంది.

గంధర్వానికి కూడా గొంతు విప్పడానికి ఒక వానాకాలం, ఒక చలికాలం కావాలి. కాని చలి పూర్తిగా పోకముందే మళ్లీ టముకు మోగింది.

"విన్నవారు వినండి! ఇత్తడి పాతబడిందహో! లేడిచర్మం కప్పిన పెట్టె! దాని పేరు కిన్నరం!"

ఆ చాటింపు విన్న సాయంత్రం గంధర్వం కూడా చప్పబడింది. పాత పెట్టె ఇచ్చి, పైన ఇవ్వాల్సింది ఇచ్చి, శెట్టి కిన్నరం తెచ్చుకున్నాడు. గంధర్వం గొంతు ఎలా ఉండేదో ఆయనకు ఎన్నటికీ తెలియలేదు.

శెట్టి ఒక్కడే కాదు, ఊరంతా అదే వరస. ఎవరింటికి వెళ్లినా పెట్టెల మాటే. శెట్టి ఇంట్లో సాయంత్రం పూట పెద్ద సభ జరిగేది. ఆ సభకు పెద్ద కుప్పనశాస్త్రి. నాలుగు శాస్త్రాలు చదివినవాడు, ఎనిమిది శాస్త్రాల మాటలు తెలిసినవాడు. ఆయన కళ్లు మూసుకుని తల ఊపితే మిగతావాళ్లు తందానా అనేవారు.

పాట మొదలవగానే శెట్టికి కుదురు పోయేది. లేచి పెట్టెను బొటనవేలంత ముందుకు జరిపేవాడు. మళ్లీ వెనక్కి జరిపేవాడు. బట్టల వ్యాపారి కదా, పెట్టె కింద పట్టు పరిస్తే పైస్వరం మెరుస్తుందని పట్టు పరిచేవాడు. నూలు పరిస్తే కిందిస్వరం నిలుస్తుందని పట్టు తీసి నూలు వేసేవాడు. ఆసనం అటు తిప్పి ఇటు తిప్పి, కూర్చోవలసిన చోటు కుదిరిందనుకునేసరికి పాట అయిపోయేది.

"ఆహా, ఏం పలికింది కిన్నరం!" అనేవారు అందరూ.

ఆ గోడ మీద ఒక ముసలి బల్లి ఉండేది. ఎవరైనా నిజం చెబితే టిక్కుమని పలకడం బల్లుల ధర్మం కదా! ఈ బల్లి శెట్టి ఇంట్లో ఏనాటినుంచో ఉంది. గంధర్వం వచ్చిన నాటి నుంచి అది పలకనే లేదు.

ఒక ఉదయం మరువమ్మ పూలబుట్టతో కొట్టు ముందు ఆగింది. ఎప్పుడూ ఆగని మనిషి ఆగింది. ముఖంలో ఏదో వెలుగు, దాని వెనకే కాస్త బెరుకు.

"శెట్టిగారూ, నిన్న సాయంత్రం పాట విన్నారా?"

"వినకపోవడమేమిటమ్మా!" అన్నాడు శెట్టి చేతిలోని బట్టల తాను కింద పెట్టి. "కిన్నరంలో అద్భుతంగా వచ్చింది. కిందిస్వరం నేలలోంచి లేచినట్టుంది. పైస్వరం కొంచెం గీరుకుంది గాని, అది పెట్టె తప్పు కాదు, నేను నూలు పరిచాను."

మరువమ్మ కాసేపు ఆయన ముఖం చూసింది.

"నిన్న నేను ఏ పాట పాడాను?"

శెట్టి నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. కిందిస్వరం గుర్తుంది, పైస్వరం గుర్తుంది, పెట్టె కింద ఏ బట్ట వేశాడో గుర్తుంది. పాట మాత్రం గుర్తులేదు.

"అదేనమ్మా... మీ పాటే," అన్నాడు నీళ్లు నములుతూ.

"కొత్త పాట శెట్టిగారూ. చాలా ఏళ్లకు ఒక కొత్త పాట కట్టాను. ఎవరైనా కూనిరాగం తీస్తారేమోనని ఊరంతా తిరిగి వస్తున్నాను," అంది మరువమ్మ. బుట్ట చంకన పెట్టుకుని మెల్లగా వెళ్లిపోయింది. ఆ రోజు ఆమె నవ్వలేదు.

శెట్టి మనసు చివుక్కుమంది. బట్టల తాను చుడుతున్న చేయి ఆగిపోయింది. వెంటపడి వెళ్లి క్షమించమందామా అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే వీధి మొగలో టముకు మోగింది.

"విన్నవారు వినండి! కిన్నరం పాతబడిందహో! నిలువెత్తు పెట్టె! లోపల ఏడు అరలు! దాని పేరు తుంబురం!"

శెట్టి మనసులోని ముల్లు ఎక్కడ పడిపోయిందో ఆయనకే తెలియదు. కొట్టు తలుపు కూడా వేయకుండా ఆచారి ఇంటి వైపు పరుగెత్తాడు.

తుంబురం ఎడ్లబండి మీద వచ్చింది. వాకిలి చాలలేదు. కిటికీ పక్క గోడ పడగొట్టి లోపలికి ఎక్కించారు. ఆ సందెకు సభ కిటకిటలాడింది. గాలి దిశ మారింది. కోట మీది నుంచి దిగింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

ఏమీ వినపడలేదు.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏమీ వినపడటం లేదని ముందుగా ఎవరంటారు? అన్నవాడి చెవికే లోపమని తక్కినవాళ్లు అనుకోరూ? చివరికి కుప్పనశాస్త్రి కళ్లు మూసుకుని తల ఊపాడు.

"ఆహా! స్వరానికీ స్వరానికీ నడుమ ఉండే నిశ్శబ్దం ఎంత స్వచ్ఛంగా వస్తోందో గమనించారా? కిన్నరంలో ఈ నిశ్శబ్దం ఏది?"

"నిజమే, నిజమే. కిన్నరంలో నిశ్శబ్దం కాస్త మురికిగా ఉండేది," అన్నారు తక్కినవాళ్లు.

"కొత్త పెట్టె కదా, ఇంకా గొంతు విప్పలేదు. విప్పితే ఇంకెలా ఉంటుందో!" అన్నాడు శెట్టి.

రెండో సందె శెట్టి పెట్టె కింద పట్టు పరిచాడు. నిశ్శబ్దం మెరిసిందన్నారు. మూడో సందె నూలు పరిచాడు. నిశ్శబ్దం నిలిచిందన్నారు. పై వీధుల వాళ్లు కూడా వచ్చి విని, తమ ఇళ్లలోని నిశ్శబ్దం ఇంత బాగా రావడం లేదని బాధపడ్డారు.

ఆ మూడో రోజు భోజనాలయ్యాక కన్యకమ్మ అందరికీ మజ్జిగ తెచ్చింది. తెచ్చి, గ్లాసులు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఏమండీ, మరువమ్మగారికి ఒంట్లో బాగా లేదా?"

"ఎందుకు అలా అడుగుతున్నావు?"

"మొన్నటి నుంచీ ఆమె పాడటం లేదుగా! మిరపకాయల పెట్టె పలకనే లేదు."

సభలో కొందరు కిసుక్కుమన్నారు. కుప్పనశాస్త్రి చిరునవ్వు నవ్వాడు. "అమ్మా, మిరపకాయల పెట్టెకూ తుంబురానికీ పోలికా? ఇది పెద్ద విద్య. దీనికి చెవి ఉండాలి."

"నేను పోల్చడం లేదండీ శాస్త్రిగారూ. మీరిక్కడ ఏం వింటారో నాకు తెలియదు. నాకు మాత్రం వంటింట్లో రోజూ పాట వస్తుంది. ఆ పాట రాగానే పప్పులో పోపు వేస్తాను, అది నాకు గుర్తు. ఈ మూడు రోజులూ పాట రాలేదు, నేను పోపు వేయడం మరిచిపోయాను. మా ఇంట్లో మీరు తిన్న పప్పు చప్పగా లేదూ?"

సభ అంతా గుటకలు మింగింది. మూడు రోజులుగా పోపు లేని పప్పు తిని, వంట అమోఘమని మెచ్చుకున్నది వాళ్లే మరి!

గోడ మీది ముసలి బల్లి టిక్కుమంది.

అంతే. ఒక్కొక్కరే లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు. శెట్టి మాత్రం నిలువెత్తు తుంబురం ముందు తల వంచుకుని కూర్చున్నాడు. పాట లేదని ఆయనకు తెలియలేదు. మూడు సందెలు వట్టి గాలిని విని ఆహా అన్నాడు. "నిన్న నేను ఏ పాట పాడాను?" అన్న మాట ఇప్పుడు వచ్చి గుండెలో దిగింది. తల్లి పోయినప్పుడు తనను పడుకోబెట్టిన గొంతు అది. ఆ గొంతునే తాను మూగది చేశాడు. శెట్టికి ఏడుపు వచ్చింది, సిగ్గు వచ్చింది. ఈసారి నిద్రపుచ్చడానికి ఏ పాటా లేదు.

తెల్లవారగానే శెట్టి కొండెక్కాడు. మరువమ్మ పాడటం లేదని అప్పటికే ఊళ్లో గుప్పుమంది. బురుజు కింద జనం పోగయ్యారు. బురుజు తలుపు లోపలి నుంచి గడియ వేసి ఉంది. పై కిటికీలో ఒక మూట కనపడుతోంది. మరువమ్మ ఊరు విడిచి పోవడానికి బట్టలు సర్దుకుందని అందరికీ అర్థమైంది.

మొదట రాజుగారి తరఫున మంత్రి ముందుకు వచ్చాడు. "మరువమ్మా! రాజుగారు నీకు బంగారు కడియం పంపారు. పాడమని ఆజ్ఞ!"

"కడియం చేతికి మంత్రిగారూ, గొంతుకు కాదు," అన్న జవాబు పైనుంచి వచ్చింది. మంత్రి వెనుదిరిగాడు.

రెండోసారి కుప్పనశాస్త్రి సభాముఖంగా నిలబడి, మరువమ్మ గానం మీద అప్పటికప్పుడు ఒక స్తోత్రం చదివాడు. కోకిల అన్నాడు, గంధర్వకాంత అన్నాడు.

"శాస్త్రిగారూ, నా పాటల్లో ఒక్క చరణం చెప్పండి, గడియ తీస్తాను," అంది మరువమ్మ. శాస్త్రి దగ్గి, పైపంచె సవరించుకుని, జనంలో కలిసిపోయాడు.

మూడోసారి విరూపాచారి వచ్చాడు. చేతుల నిండా చెక్కపొట్టు, కళ్ల కింద నల్లటి చారలు. "అమ్మా, గొంతు అలసిందేమో. మీ నోటి దగ్గరే పెట్టుకునేలా ఒక పెట్టె చేసిస్తాను. దాని పేరు కూడా ఆలోచించాను."

"ఆచారిగారూ, మీరు నా పాట విని ఎన్నాళ్లయింది?"

ఆచారి తన చేతులు చూసుకున్నాడు. "చాలా ఏళ్లయిందమ్మా. సందె వేళకు కూడా చిత్రిక పడుతూనే ఉంటాను. ఒక్క ఏడు కొత్త పెట్టె తేకపోతే ఆచారి పని అయిపోయిందంటారు. పాత పెట్టె బాగు చేయమని నా గడప తొక్కేవాడే లేడు. అందరికీ కొత్తదే కావాలి. నేను చేసిన ఏ పెట్టె గొంతూ నేను వినలేదు."

ఆచారి పంచె కొంగుతో కళ్లు ఒత్తుకుని పక్కకు తప్పుకున్నాడు.

మధ్యాహ్నమైంది. ఎండకు తాళలేక జనం కొండ దిగారు. శెట్టి దిగలేదు. బురుజు మెట్ల మీద ఒక్కడే కూర్చున్నాడు. ఏమని పిలవాలి? ఇవ్వడానికి కడియం లేదు, చదవడానికి స్తోత్రం లేదు. క్షమించమని అడుగుదామంటే, ఏ పాట వినలేదో ఆ పాట పేరు కూడా తెలియదు. ఆమె పాటలన్నిటిలో శెట్టికి ఇంకా మిగిలింది ఒక్కటే. పనసపెట్టెల కాలం నాటిది.

పొద్దు వాలింది. గాలి దిశ మార్చుకోబోతూ ఒక్క క్షణం నిలిచిపోయింది. శెట్టి మోకాళ్ల మీద తల ఆనించి, తనలో తాను కూనిరాగం తీయసాగాడు. ఎవరి కోసమూ కాదు. తల్లిని తలుచుకుని పాడుకున్నాడు.

"దిగిరా దిగిరా సందె వెలుగా,
దీపం నీకై నిలిచినది..."

రెండు చరణాలు దాటాడు. మూడో చరణం వచ్చింది.

"అలసిన కాళ్లకు..."

అక్కడ రాగం మెట్టు దిగాలి. శెట్టి ఎప్పటిలాగే ఎక్కాడు.

"దిగాలి!" అని పైనుంచి ఒక్క కేక వచ్చింది. "దిగాలి శెట్టీ, అక్కడ దిగాలి! ఇన్నేళ్లయినా ఆ ఎక్కుడు మానవా నువ్వు?"

శెట్టి ఉలిక్కిపడి లేచాడు. "నాకు రాదమ్మా! ఎంత ప్రయత్నించినా అక్కడ కాలు జారి పైకే పోతాను. ఎలా దిగాలో ఒక్కసారి వినిపించండి."

పైనుంచి మరువమ్మ పాడింది. "అలసిన కాళ్లకు" అని, నీళ్లబిందె దించినంత నెమ్మదిగా రాగం దించింది. శెట్టి మళ్లీ పాడాడు. మళ్లీ ఎక్కాడు. మరువమ్మ నవ్వు వినపడింది. గడియ తీసిన చప్పుడు వినపడింది. ఆమె మెట్లు దిగి వచ్చి, ఆయన పక్కనే కూర్చుంది.

"రోజూ పొద్దున్నే నీ కొట్టు ముందు నుంచి ఎందుకు వెళ్లేదాన్నో తెలుసా? పూలతోటకు అది చుట్టుదారి. నీ తప్పు చరణం వినడానికి అటు వచ్చేదాన్ని. ఎన్ని పొగడ్తలు వచ్చినా నమ్మేదాన్ని కాదు గాని, నువ్వు అక్కడ ఎక్కగానే, ఓహో, నిన్నటి నా పాట ఒక ఇంటికి చేరిందని ధైర్యం వచ్చేది. తప్పు పాడేవాడు విన్నవాడే శెట్టీ. విననివాడికి తప్పు కూడా రాదు. కిన్నరం వచ్చాక నీ కొట్టు మూగబోయింది. ఇక ఎవరికోసం పాడను?"

శెట్టి ఆమె కాళ్లకు నమస్కరించాడు. "అమ్మా, ఆ కొత్త పాట నేను వినలేదు. చేతులు పెట్టె మీద ఉన్నాయి. ఇప్పుడు నా దగ్గర ఏ పెట్టే లేదు. రెండు చెవులే ఉన్నాయి. ఒక్కసారి పాడతారా?"

మరువమ్మ లేచి బురుజెక్కింది. గాలి ఊరి వైపు తిరిగింది. ఆమె కొత్త పాట ఎత్తుకుంది. శెట్టి కదలలేదు, ఆసనం జరపలేదు, పట్టూ నూలూ తలుచుకోలేదు. పాట మొదటి నుంచి చివరిదాకా ఆయనలోంచి నడిచి వెళ్లింది. కింద ఊళ్లో ఒక వంటింట్లో మిరపకాయల పెట్టె పలికింది. పోపు చిటపటలాడింది. కన్యకమ్మ గరిటె పట్టుకునే వాకిట్లోకి వచ్చి, కొండ వైపు చూసి చేతులు జోడించింది.

ఆ తర్వాత శెట్టి సభ వంటింట్లోకి మారింది. ఇన్నేళ్లూ ఒక్క సందె కూడా తప్పకుండా పాట పట్టిన పెట్టెలు కదా, వాటి గొంతు అప్పటికి ఎంత విచ్చుకుందో విన్నవాళ్లకే తెలుసు. కాకపోతే మిరపకాయల ఘాటుకు పల్లవికోసారి ఎవరో ఒకరు తుమ్మేవారు. కుప్పనశాస్త్రి తుమ్మి, "ఇది నిజమైన తుమ్మే," అంటే బల్లి టిక్కుమనేది. తుంబురం ఏడు అరల్లో శెట్టి ఏడు రకాల చీరలు సర్దుకున్నాడు. పడగొట్టిన గోడ అలాగే ఉంచేశాడు, గాలి బాగా వస్తుందని.

మరుసటి ఏడు వసంతంలో మళ్లీ టముకు మోగింది. అలవాటు ఊరికే పోతుందా? శెట్టి కాలు గడప దాటబోయింది.

"వెళ్లండి, ఎవరు వద్దన్నారు?" అంది కన్యకమ్మ. "నిన్నటి పాట ఒక్కసారి పూర్తిగా పాడి వెళ్లండి."

శెట్టి మొదలుపెట్టాడు. రెండు చరణాలు వచ్చాయి. మూడోది తడుముకున్నాడు. దాన్ని వెతుక్కుంటూ వెతుక్కుంటూ, ఏ పని మీద బయలుదేరాడో మరిచిపోయి కొట్టు తెరిచాడు.

ఆ టముకు కూడా కొత్త పెట్టెకు కాదని తర్వాత తెలిసింది. పాత పెట్టెలు బాగు చేస్తానని విరూపాచారి చాటింపు వేయించాడు. కొత్తది కావాలని ఎవరైనా వస్తే ఆచారి ఒకే ప్రశ్న అడిగేవాడు. "నిన్న సందెకు ఏ పాట పాడారు?" చెప్పగలిగినవాడికి ఉన్న పెట్టే చాలనేవాడు. చెప్పలేనివాడికి ఏ పెట్టే చాలదనేవాడు. సందె కాగానే చిత్రిక కింద పెట్టి, తన వాకిట్లో కూర్చుని తానూ వినేవాడు.

ఇక శెట్టి కొత్త పాట కూడా పాడుకోసాగాడు. అందులో ఇంకో చోట, ఎక్కాల్సిన చోట దిగేవాడు. పూలబుట్ట పట్టుకుని చుట్టుదారిన వచ్చే మరువమ్మ అది విని నవ్వుకుంటూ వెళ్లేది.

గాలికోట కథ కంచి వైపు సాగిపోయింది. మనకు మిగిలిన నీతి ఇది: పెట్టె ఎంత కొత్తదైనా అది పాట కోసమే, వినే మనసు లేని ఇంట్లో అది వట్టి చెక్క, ఉన్న ఇంట్లో మిరపకాయల పెట్టే చాలు.